సద్దుల బతుకమ్మ నాడు గాజుల మలారం

మా చిన్న మనవడి భార్య సిద్దిపేట బస్టాండు దగ్గర గాజుల కొట్టు పెట్టింది. అద్దాల బీరువాలు, పైన గిర్రున తిరిగే ఫ్యాను, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఎత్తు స్టూళ్లు. కొట్టు తెరిచిన రోజు నన్ను తీసుకుపోయి ఒక స్టూలు మీద కూర్చోబెట్టింది. నా కాళ్లు నేలకు అందలేదు.

"అవ్వా, నువ్వు గిన్నేండ్లు గాజులు తొడిగినవు గద, నాకు గా పని ముచ్చట్లు చెప్పరాదు?" అంది.

నేను గొంతు సవరించుకున్నానో లేదో గిరాకీ వచ్చింది. ఆ పిల్ల లేచి పోయింది. మళ్లీ వచ్చి కూర్చుంది, మళ్లీ పోయింది. గిరాకీ వస్తే లేవాల్సిందే, నాకు తెలియదా! అందుకే నాకొచ్చిన అక్షరాలతో ఇంటి దగ్గర కూర్చుని రాసి పెడుతున్నాను. తీరిక దొరికినప్పుడు చదువుకుంటుంది. దాని తర్వాత ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలు ఇంకెవరైనా ఉంటే వాళ్లూ చదువుకుంటారు.

ఎన్ని ఊళ్లు తిరిగాను, ఎంత మిగిల్చాను అన్నది రాయను. అది చదివితే ఎవరికీ పని రాదు. పని ఎట్లా వచ్చింది, పిల్లలను పెట్టుకుని ఎట్లా చేశాను, పండుగ పూట ఇల్లు ఒకవైపు మలారం ఒకవైపు లాగితే ఏమైంది, అదే రాస్తాను.

మా అత్త బడి

ఇవి నైజాం రోజుల మాటలు. దేశాల మధ్య పెద్ద లడాయి నడుస్తోంది. ఎక్కడో దూరాన జరిగే ఆ లడాయి వల్ల పట్నం బజారులో రంగు గాజులు దొరకడం కష్టమైంది. మా ఆయన పట్నం పోయి, దొరికిన గాజులు గడ్డిలో చుట్టి బండి మీద తెచ్చేవాడు. తేవడం అతని పని, తొడగడం మా పని. మేమంటే మా అత్త పోశవ్వ, నేను.

మలారం అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. గాజులన్నీ రంగుకొక తాడుకు గుచ్చి, ఆ తాళ్లన్నీ కలిపి కట్టి, గుడ్డ కప్పి భుజాన వేసుకుంటాం. సగం ముందుకు వేలాడుతుంది, సగం వెనక్కి. నడుస్తుంటే గలగలమంటుంది. మేము కేక వేయకముందే ఆ చప్పుడుకు ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చేవాళ్లు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నన్ను గాజు ముట్టనివ్వలేదు. చేతులు పట్టుకోవడం నేర్పింది. సాయంత్రం ఇంటికొచ్చిన ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టి, నా కండ్లకు చెంగు కట్టి, ఒక్కొక్కరి చేయి నా చేతిలో పెట్టేది.

"ఎవరి చెయ్యే ఇది?"

"మన పక్కింటి శివమ్మది, అత్తా."

"ఎట్ల తెలిసింది?"

"ఉల్లిగడ్డ వాసనొస్తుంది."

"పోరీ, నిన్ను ముక్కుతోని జూడమన్ననా? బొటనేలి ఎముక జూడు. గది పెద్దదా, సన్నదా, ఒత్తితే లోపలికి పోతదా? గది జెప్పు!"

చివరికి అదే పని అని తెలిసింది. వదులు గాజు తొడగడం ఎవరికైనా వస్తుంది. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, ఎముకలను మెల్లగా ఒత్తి, మణికట్టు మీద నిండుగా నిలిచే గాజును నొప్పి తెలియకుండా ఎక్కించాలి. గాజు మా చేతిలో పగిలితే ఆ నష్టం మాదే. చేతికి గీరుకుంటే ఆ సిగ్గు కూడా మాదే.

ఇంకొక కట్టుబాటు ఉండేది. కూర్చుని ఒకరి చేయి పట్టుకున్నామంటే రెండు చేతులూ నింపాకే లేవాలి. ఒక చేయి నిండుగా, ఒక చేయి బోడిగా వదిలేసి లేస్తే ఆ ఇంటికి మంచిది కాదని నమ్మేవాళ్లు. మా అత్త ఈ విషయంలో రాయి. ఒకసారి ఒక ఇంట్లో ఆమె గాజులు తొడుగుతుంటే పక్కన గడ్డివాము అంటుకుందట. ఇంట్లో వాళ్లంతా బయటికి ఉరుకుతుంటే, మా అత్త ఆ ఇల్లాలి చేయి వదలలేదట. "అయిపోయె బిడ్డా, ఇగ రెండే" అంటూ నింపి, అప్పుడు లేచి తానే బిందె అందుకుందట. ఆమెను మంచిదనాలో మొండిదనాలో నాకు ఇప్పటికీ తెలియదు. పని నేర్పేవాళ్లలో రెండూ ఉంటాయనుకుంటాను.

నోరు మూసుకుని దాటిన వాకిలి

మా వీధి చివర రాజవ్వ అని ఒకామె ఉండేది. చిన్న వయసులోనే మగడు పోయాడు. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టి బతికేది. మొగుడు లేని ఇంటి ముందు "గాజులో" అని కేక వేయకూడదన్నది మా పనిలో పద్ధతి. మా అత్త ఆ వాకిలి రాగానే నోరు మూసుకుని, మలారం చప్పుడు కాకుండా చేత్తో అదిమి పట్టుకుని దాటేది. నేనూ అట్లాగే దాటేదాన్ని. మర్యాద అనుకునేదాన్ని.

ఒకరోజు నేను మలారం అదిమి పట్టుకుని దొంగలా పోతుంటే వెనక నుంచి రాజవ్వ కేక వేసింది.

"ఓ లచ్చవ్వా! మా ఇంటి ముంగటికి రాంగనే నీ నోరేమన్న పడిపోతదా?"

నేను వెనక్కి తిరిగాను. "అట్ల గాదు అక్కా..." అన్నాను.

"ఎట్ల గాదు? నాకొద్దు, సరే. నా బిడ్డకు గూడ వద్దా? ఊరందరి పిల్లలు గాజులేసుకొని గలగల తిరుగుతుంటే, నా పోరి గీ వాకిట్ల నిలబడి మీ మలారం దిక్కే జూస్తుంది."

ఆ పిల్ల తలుపు చాటు నుంచి చూస్తోంది. నేను అక్కడే అరుగు మీద మలారం దించాను. ఆ పిల్ల ఎర్రవి, పచ్చవి, మళ్లీ ఎర్రవి అంటూ పొద్దెక్కేదాకా నన్ను కదలనివ్వలేదు. రాజవ్వ పక్కన కూర్చుని బీడీలు చుడుతూనే నాకు ఉడికించిన మక్క గుడాలు పెట్టింది. ఆ రోజు నుంచి ఏ వాకిట్లోనూ నేను నోరు మూసుకోలేదు. మా అత్తకు చెప్పాను. మరునాడు ఆ వాకిలి ముందు ఆమె వేసిన కేక బజారు దాకా వినిపించింది.

కొట్టులో కూర్చున్న పిల్లా, ఎవరికి కావాలో ఎవరికి వద్దో నువ్వు తేల్చకు. పిలువు. వద్దన్నవాళ్లు వద్దంటారు.

చంకలో బిడ్డ, భుజాన మలారం

మా సత్తెమ్మ పుట్టాక కొన్నాళ్లు దాన్ని చంకలో పెట్టుకునే తిరిగాను. అది అనుకున్నంత కష్టం కాలేదు. ఏ ఇంటికి పోయినా, నా రెండు చేతులూ ఖాళీ అయితేనే కదా వాళ్లకు గాజులు! వాకిట్లో అడుగు పెట్టగానే ఎవరో ఒకరు బిడ్డను అందుకునేవాళ్లు. ఒక ఇంట్లో సల్ల, ఒక ఇంట్లో బెల్లం ముక్క, ఒక ఇంట్లో స్నానం. సాయంత్రానికి సత్తెమ్మ నాకు తెలియని కాటుకతో, ఎవరివో అంగీలతో ఇంటికి వచ్చేది. పసిబిడ్డతో పనికి పోయే ఆడదానికి నా మాట ఇదొక్కటే: ఎవరైనా బిడ్డను ఎత్తుకుంటామంటే మొహమాటపడకు, ఇవ్వు.

కష్టమంతా పిల్లకు మాటలు వచ్చాక మొదలైంది. ఊరికి పండుగ అయితే మాకు ఊపిరాడదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లందరికీ కొత్త గాజులు కావాలి. అందులో చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడైతే, పొద్దున్న లేచిన దగ్గర నుంచి మా వాకిట్లో చేతులే చేతులు. గౌరమ్మకు నైవేద్యం పెట్టే మలీద ముద్దలు, నువ్వుల సద్ది, చింతపండు సద్ది అన్నీ మా అత్త చేసేది. నేను పోయేసరికి చెరువు కట్ట మీద బతుకమ్మలన్నీ నీళ్లలోకి పోయి ఉండేవి. గాజులు తొడిగించుకున్న వాళ్లంతా ఆడేవాళ్లు, తొడిగినదాన్ని నేను ఖాళీ తాళ్లు చుట్టుకుంటూ ఉండేదాన్ని.

ఒక ఏడు సత్తెమ్మకు బాగా తెలివి వచ్చింది. పండుగకు ముందు ఒక పొద్దున నా ఎదురుగా వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. మా ఇళ్లలో పిల్లలు తల్లిని అవ్వ అనీ, నాయనమ్మను బాపమ్మ అనీ పిలుస్తారు.

"అవ్వా, నీకు నేనున్ననని యాదికుంటదా?"

"గట్లంటవేందే?"

"అందరి అవ్వలు వాళ్ల బిడ్డలతోని ఆడుతరు. నేను బాపమ్మతోని ఆడుత. బాపమ్మ వంగదు. అందరు కింద చప్పట్లు కొడ్తే ఆమె మీద కొడ్తది."

మా అత్త రోటి దగ్గర నుంచి, "నా నడుము నీ వయసుదా?" అంది.

"ఈ యాడాది వస్త బిడ్డా."

"పోయినేడు గూడ గిట్లనే అన్నవ్."

"ఈసారి ఒట్టు."

"దేని మీద?"

"గాజుల మీద."

"గాజులు పగుల్తయి గదనే! ఇంకేమన్న గట్టిదాని మీద వెయ్యి."

ఇంట్లో అంతకంటే గట్టిది ఏముందో నాకు తోచలేదు. "మీ బాపమ్మ మీద ఒట్టు" అన్నాను. మా అత్త రోకలి ఆపేసింది. "నన్నెందుకు నడుమ గుంజుతున్నవే, తల్లి బిడ్డలు మీరు మీరు సూస్కోండ్రి!"

సత్తెమ్మ మాత్రం నవ్వలేదు. "నువ్వు రాకుంటే నా బతుకమ్మను నీళ్లల్ల ఇడువను. కట్ట మీదనే పట్టుకొని కూసుంట. ఎవలు జెప్పినా ఇనను" అంది. పేర్చిన బతుకమ్మను సద్దుల నాడు నీళ్లలో వదలకుండా ఇంటికి తిరిగి తెచ్చిన ఇల్లు మా ఊళ్లో లేదు. అది మొండిపిల్ల. ఎవరి పోలికో మీకు చెప్పనక్కర్లేదు.

గడి పిలుపు

సద్దుల నాడు నేను తల స్నానం చేసి, తంగేడు పూలు తెంపి, సత్తెమ్మ పక్కన కూర్చుని గునుగు పూల కట్టలు కడుతున్నాను. మా వాకిట్లో గడి బండి ఆగింది.

చిన్నకోడూరు దారిలో ఒక ఊళ్లో దొర గడి, కోటలాంటి పెద్ద ఇల్లు, ఉండేది. దొర బిడ్డ పెండ్లయ్యాక మొదటి బతుకమ్మకు వచ్చిందట. బిడ్డకూ దొరసానికీ ఇప్పుడే గాజులు తొడగాలట. గడివాళ్లు మంచివాళ్లని నేను రాయను. పిలిస్తే పోవాలి, ఇస్తే తీసుకోవాలి, ఇవ్వకపోతే దండం పెట్టి రావాలి. కాదంటే ఆ దిక్కు ఊళ్లలో మా మలారం అడుగు పెట్టలేదు.

"నువ్వు పోరాదు అత్తా" అన్నాను.

"నేను పోదును. గా దొరసాని చెయ్యి నాకు లొంగుతలేదే. పోయినేడు నా చేతుల్ల రెండు పలిగినయి. నీ పేరు జెప్పి పిలిచిన్రు."

సత్తెమ్మ తల ఎత్తలేదు. తాంబాళంలో తంగేడు వరస పేర్చుకుంటూనే ఉంది. "పొద్దుగూకకముందే వస్త బిడ్డా" అన్నాను. అది ఒక గునుగు కట్ట తీసి తాంబాళం అంచున గట్టిగా కుదించింది. జవాబు అదే అనుకున్నాను.

గడిలో దొర బిడ్డ పని చిటికెలో అయిపోయింది. సన్నటి చేతులు, సరదా పిల్ల. ఆ తర్వాత దొరసాని వచ్చి మెత్త మీద కూర్చుంది. నిండైన మనిషి. ఆమె చేయి మెత్తగానే ఉంటుంది కానీ గాజు బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి పిడికిలి బిగించేస్తుంది. నొప్పి అంటే అంత భయం. "మెల్లగనే! మెల్లగ!" అని గాజు తగలకముందే అరుస్తుంది. ఒక్క ఎడమ చేయి నింపేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ అయింది. ఆమె తిని వచ్చింది. కుడి చేయి నా ఒళ్లో పెట్టింది. "జర ఆగవే లచ్చీ" అని దిండుకు ఆనుకుంది. అంతే, గురక మొదలైంది.

బోడి చేయి నా ఒళ్లో ఉంది. నింపిన చేయి ఆమె పొట్ట మీద ఉంది. నేను నడుమ ఇరుక్కుపోయాను.

గడిలో పని చేసే ఎల్లవ్వ నా చెవి దగ్గరికి వంగింది. "లేపకు. పోయిన నెల లేపినామెను మూడు దినాలు పెరట్ల నుంచి లోపటికి రానియ్యలే."

"మరి నేనెట్ల పోవాలె?"

"పోకు. లేచేదాక కూసో."

"ఎప్పుడు లేస్తది?"

దొర బిడ్డ కిసుక్కుమంది. "ఇయ్యాల పండుగ బువ్వ తిన్నది. దీపాలు పెట్టేదాక లేవది."

గవాక్షం నుంచి పడే ఎండ గోడ మీద మెల్లగా జరుగుతోంది. ఒక చేయి వదిలేసి లేస్తే మా అత్త నన్ను గడప తొక్కనివ్వదు, గడివాళ్లు ఊరు తొక్కనివ్వరు. కూర్చుంటే నా బిడ్డ చెరువు కట్ట మీద కూర్చుంటుంది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. చేయి నా ఒళ్లోనే ఉంది కదా. మనిషి మేలుకునే ఉండాలని ఎవరన్నారు?

ఎర్ర గాజు ఒకటి తీశాను. ఎల్లవ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది. దొర బిడ్డ నవ్వు ఆపేసి నా పక్కకు జరిగింది.

"పలిగితే?" అంది మెల్లగా.

పండుగ నాడు, నిద్రలో ఉన్న ఇల్లాలి చేతి మీద గాజు పగిలితే ఏమంటారో ముగ్గురికీ తెలుసు. దొరకు ఏదో కాబోతుందంటారు. ఆ తర్వాత నాకు ఏమవుతుందో ఎవరూ అననక్కర్లేదు.

"పలగదు" అన్నాను. నోటితో అన్నాను గానీ నాకే నమ్మకం లేదు.

బొటనవేలు మడిచి, గాజు ఎక్కించాను. చెబితే నమ్మరు, నూనె రాసినట్టు జారిపోయింది. రెండోది, మూడోది కూడా అంతే. పిడికిలి లేదు, బిగువు లేదు, పసిబిడ్డ చేయిలాగా వదిలేసి ఉంది. పోయిన ఏడు మా అత్త చేతిలో ఎక్కనంటే ఎక్కని కొలత గాజులు ఇప్పుడు వరసగా వచ్చి కూర్చుంటున్నాయి. ఒక్కొక్క గాజు ఎక్కినప్పుడల్లా ఎల్లవ్వ ఊపిరి వదిలేది. చివరిది ఎక్కేసరికి ముగ్గురమూ చెమటతో తడిసిపోయాం.

అప్పుడే దొరసాని ముక్కు మీద ఈగ వాలింది. ఆమె చేయి ఎత్తి తోలింది. గలగలమంది. కండ్లు తెరిచి తన చేతి వంక చూసుకుంది.

"ఏందే ఇది? గీ చెయ్యి ఎవలు నింపిన్రు?"

నేను మలారం తాళ్లు సర్దుకుంటున్నట్టు తల దించాను. దొర బిడ్డే అందుకుంది. "నువ్వే గదనమ్మా చెయ్యి ఇచ్చి పండుకుంటివి. గురకబెట్టుకుంట నింపిచ్చుకున్నవు."

దొరసాని కాసేపు చేయి అటూ ఇటూ తిప్పింది. ఆ తర్వాత పొట్ట కదిలేలా నవ్వింది. "నొప్పే తెల్వలేదేందే! ఇన్నేండ్లు మేలుకోని సచ్చిన! ఇగ నుంచి నేను పండుకున్నంకనే తొడుగు."

ఆ నవ్వు చూశాక నాకు ధైర్యం వచ్చింది. "దొరసానమ్మా, వచ్చేడు ఒక్క రోజు ముంగట బండి తోలుండ్రి. సద్దుల నాడు నేను రాను" అన్నాను.

ఎల్లవ్వ మళ్లీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు రావు?"

"నా బిడ్డ బతుకమ్మను పట్టుకొని కట్ట మీద కూసుంటనన్నది. నేను పోయేదాక ఇడువదు."

దొరసాని తన బిడ్డ వంక చూసింది. మళ్లీ నా వంక చూసింది. "మరి ఇంక ఈడ నిలవడ్డవేందే? పో! ఎల్లవ్వా, బండి కట్టమను!"

ఆ రోజు నేర్చుకున్నది నా పనంతటికీ పనికొచ్చింది. గట్టిది చేయి కాదు, భయం. మేలుకుని ఉన్న మనిషిని నిద్రపుచ్చలేం కదా, అందుకని ముచ్చట్లు చెప్పడం మొదలుపెట్టాను. అత్తల ముచ్చట్లు, మొగుళ్ల ముచ్చట్లు, జాతరలో తప్పిపోయిన ముసలాయన ముచ్చట. సరిగ్గా వాళ్లు నవ్వే చోట గాజు ఎక్కించేదాన్ని. నవ్వేటప్పుడు ఎవరూ పిడికిలి బిగించలేరు. కొట్టులో ఫ్యాను తిప్పితే మనిషి చల్లబడుతుంది గానీ చేయి మెత్తబడదు. దానికి మాట కావాలి.

దారికి అడ్డం

గడి ఎడ్లు గడివాళ్లలాగే నడిచాయి, వాటికి తోచినప్పుడు. దారిలో ఒక ఊరు వచ్చేసరికి ఆడవాళ్లంతా నడి దారిలో బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరుగుతున్నారు. బండి పోవడానికి సందు లేదు. నేను దిగాను.

"అక్కా, జర తొవ్వ ఇడువుండ్రి. నా బిడ్డ ఎదురుచూస్తుంది."

"పండుగ పూట బతుకమ్మను దాటుకొని పోతవా? ఒక్క సుట్టు ఆడి పో!" అంది ఒక పెద్దమ్మ.

మాట ఇచ్చింది నా బిడ్డకు, మొదటి చుట్టు ఆడింది ముక్కూ మొకం తెలియని వాళ్లతో. మలారం భుజానే ఉంది. వంగినప్పుడల్లా అది ముందుకు ఊగుతుంటే వాళ్లు పడీ పడీ నవ్వారు. చుట్టు అయిపోగానే దారి ఇచ్చారు. ఇక బండి ఎక్కలేదు. ఎడ్ల కంటే నేనే నయమనిపించింది. పొద్దు చెట్ల వెనక్కి దిగుతుంటే సిద్దిపేట దారి పట్టి ఉరికాను. మలారం గలగల, నా గుండె దడదడ.

కట్ట మీద

మా వీధిలో ఒక్క దీపం లేదు, ఒక్క మనిషి లేదు. అందరూ చెరువుకు పోయారు. వాకిట్లో రాలిన తంగేడు రెక్కలు నా కాళ్లకు తగిలాయి. అయిపోయిందనుకున్నాను. అయినా ఆగలేదు.

కట్ట ఎక్కేసరికి నాకు అర్థం కాని సంగతి కనిపించింది. మిగతా వాడల బతుకమ్మలన్నీ నీళ్లలో తేలుతున్నాయి. మా వాడకట్టు వాళ్లు మాత్రం ఇంకా చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. చప్పట్లలో బలం లేదు, కాళ్లు ఈడుస్తున్నారు. నడుమ నుంచి చిరిగిన చేటలాంటి గొంతు ఒకటి పాట లాగుతోంది.

రాజవ్వ ఒక పక్కగా నిలబడి ఉంది. ఆమె బిడ్డ ఆటలో ఉంది. నన్ను చూడగానే, "అగో, వచ్చినవా తల్లీ! నీ అత్త మమ్ముల సంపుతుంది" అంది.

"ఏమైంది అక్కా?"

"నీ బిడ్డ బతుకమ్మను ఇడువనని కూసున్నది. మావి నీళ్లల్ల ఇడిసి పోదమని అందరు లేచిన్రు. నీ అత్త పాట ఎత్తుకున్నది. పాట నడుమ ఇడిసిపెట్టి పోతే గౌరమ్మకు కోపమొస్తదన్నది. ఒకటి అయిపోంగనే ఇంకోటి ఎత్తుకుంటది. నడుమల ఊపిరి గూడ తీస్తలేదు. గీ ముసల్దానికి గిన్ని పాటలు ఎట్లొచ్చినయో!"

పండుగ అని ఒక్క రోజు పని ఆపని మా అత్త, మలారం దించితే ఒప్పుకోని మా అత్త, నా కోసం వాడకట్టు ఆడవాళ్లందరినీ కట్ట మీద ఆపి పెట్టింది.

సత్తెమ్మ నేల మీద కూర్చుని ఉంది. తనంత ఎత్తు బతుకమ్మను రెండు చేతులా చుట్టి పట్టుకుని ఉంది. చెంపకు బంతిపూల పొడి అంటుకుంది. నన్ను చూసి లేవలేదు.

"గింత సేపా?"

"దొరసాని పండుకున్నది బిడ్డా."

"నిజంగనా?"

"గురక గూడ పెట్టింది."

అది పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవాలని చూసింది గానీ దానివల్ల కాలేదు. లేచి బతుకమ్మను వరసలో పెట్టింది.

మా అత్త పాట ఆపింది. ఆపాలని కాదు, గొంతు పోయింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది గానీ మాట రావడం లేదు. నా దగ్గరికి వచ్చి భుజం మీది మలారం తానే దించింది. తన ఒళ్లో పెట్టుకుని, చెంగు కప్పి, కట్ట మీద కూర్చుంది. అప్పటికే శివమ్మ, ఇంకొందరు చుట్టూ చేరారు. "లచ్చవ్వా, మిగిలినవేమన్న ఉన్నయా? నావి రెండు పలిగినయి", "నా బిడ్డకు పచ్చయి కావాలె..."

మా అత్త తల అడ్డంగా ఊపింది. ఇంకొకరు చేయి చాపారు. మళ్లీ ఊపింది. చెంగు ఇంకా గట్టిగా కప్పింది.

సత్తెమ్మ వాళ్ల ముందుకు వచ్చి నిలబడింది. "మా బాపమ్మ ఏమంటుందంటే, దుకాణం బందు! రేపు రాండ్రి!" అని అరిచి నా చేయి పట్టి లాక్కుపోయింది.

రాజవ్వ పక్క నుంచే కొత్త పాట ఎత్తుకుంది. అందరికీ ప్రాణం లేచి వచ్చింది. వంగుతున్నాం, లేస్తున్నాం, చప్పట్లు చరుస్తున్నాం. అన్ని చేతుల మీదా నేను తొడిగిన గాజులే. అది వదులైంది, ఇది బాగా కుదిరింది, శివమ్మకు ఆ రంగు నప్పలేదు అనుకుంటూ చప్పట్లో వెనకబడ్డాను. సత్తెమ్మ మోచేత్తో నన్ను పొడిచింది.

"చేతులు జూడకే అవ్వా! నన్ను జూడు!"

చూశాను. ఆ చుట్టు అయిపోయేదాకా దాన్నే చూశాను.